సిస్టమ్ తీసుకోవట్లేదండీ!

1984లో ఎన్టీ రామారావు ఒక్క ఆర్డినెన్సుతో కరణాలను, మునసబులను ఇంటికి పంపించేశారు. తరతరాలుగా ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న అడంగళ్లు, పహాణీలు వాళ్ల భోషాణాల్లోంచి బయటపడ్డాయి. మన పొలం మనదో కాదో, మన వయసెంతో, మనం పేదవాళ్లమో కామో తేల్చి చెప్పే పెద్దమనిషి ఇక ఊళ్లో లేడని జనం సంబరపడ్డారు. నాలుగు దశాబ్దాలు తిరగకుండానే ఆయన తిరిగొచ్చారు. ఈసారి పంచె లేదు, చెవిలో కలం లేదు, చెయ్యి చాచే అలవాటు అసలే లేదు. పేరు సర్వర్. ఊరు తెలియదు. పనివేళలు ఆయన ఇష్టం. పలకడం, పలకకపోవడం కూడా ఆయన ఇష్టమే.

పాత కరణం ఎంత దుర్మార్గుడైనా ఆయనకొక అరుగుండేది. దాని ముందు నిలబడి బతిమాలుకోవచ్చు, తిట్టుకోవచ్చు, తిక్కరేగితే పై తహసీల్దారుకు ఆకాశరామన్న ఉత్తరం రాయొచ్చు. తప్పుడు లెక్క రాసినవాడు ఫలానా అని ఊరందరికీ తెలుసు. సర్వర్ గారికి అరుగు లేదు. ఆయన తరఫున కౌంటర్ వెనక కూర్చున్న కుర్రాడు స్క్రీన్ వైపు చూసి, "సిస్టమ్ తీసుకోవట్లేదు బాబాయ్, నేనేం చేసేది" అంటాడు. పాపం, అబద్ధమాడడు. ఎందుకు తీసుకోవట్లేదో అతనికి తెలియదు. పై అధికారిని అడిగితే ఐటీ విభాగం అంటాడు, ఐటీ విభాగం కాంట్రాక్టు కంపెనీ అంటుంది, కంపెనీ నిబంధనల ప్రకారమే కోడ్ రాశామంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని వెనకటికి సామెత. ఇప్పుడు పూజారి కూడా ఇచ్చేస్తానంటాడు. గర్భగుడి తలుపే తెరుచుకోదు. మన కాలంలో అధికారం చేసిన అతి గొప్ప ఆవిష్కరణ ఇదే: తప్పు జరుగుతుంది, చేసినవాడు మాత్రం ఉండడు.

తెలంగాణలో ఈ విద్యకు 'సమగ్ర వేదిక' అని చక్కటి పేరు పెట్టారు. బండ్ల రిజిస్ట్రేషన్లు, కరెంటు బిల్లులు, ఆస్తి పన్నులు, ఇలా ఏ శాఖ దగ్గర ఏ చిట్టా ఉంటే అది తెచ్చి ఒకచోట పోసి, పేర్లూ చిరునామాలూ జతచేసి, అసలైన పేద ఎవరో తేల్చే ఏర్పాటు అది. హైదరాబాద్‌లో సైకిల్ రిక్షా తొక్కిన ఒకాయన కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. కారణం, వాళ్లకు కారుందట. పేరు దగ్గరగా ఉన్న మరెవరిదో కారును యంత్రం తెచ్చి వీళ్ల ఖాతాలో వేసింది. జీవితమంతా మూడు చక్రాలు తొక్కినవాడికి నాలుగో చక్రం ప్రసాదించిన ప్రభుత్వం ప్రపంచంలో ఇదొక్కటే అయుంటుంది. కారు కాగితం దాటి గుమ్మంలోకి రాలేదు గానీ, బియ్యం మాత్రం నిజంగానే ఆగిపోయాయి.

ముందస్తు నోటీసు లేకుండా, ఇంటికెళ్లి చూడకుండా కార్డులు కొట్టేశారని ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్త కోర్టుకెక్కారు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులనూ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. లెక్క గమనించండి. అన్నం తీసేయడానికి ఒక మీట చాలు, మనిషి అక్కర్లేదు. తిరిగి పెట్టాలంటే మాత్రం న్యాయవాదులు కావాలి, ధర్మాసనం కావాలి, ఏళ్లు కావాలి, ఆపైన ఇంటింటికీ తిరిగే మనుషులు కావాలి. మనుషుల్ని తగ్గించడానికి తెచ్చిన యంత్రం చివరికి తగ్గించింది ఎవరినయ్యా అంటే, తినేవాళ్లని.

ఆస్తుల సంగతి తేలాక అనుమానం ఒంటి మీదికి మళ్లింది. నువ్వు నువ్వేనా? వేలు పెట్టు. ఇటుకలు మోసినవాడి, మిర్చి కోసిన ఆవిడ, ఏళ్ల తరబడి అంట్లు తోమిన అవ్వ వేళ్ల మీద గీతలు మిగలవు. చాకిరీ చేసిన వేలిని గుర్తుపట్టలేని యంత్రాన్ని ఏరికోరి చాకిరీ చేసేవాళ్ల పథకాలకే పెట్టారు. గీతలు చెక్కుచెదరని నున్నటి వేళ్లవాళ్లకు రేషన్ దుకాణంతో పనే లేదు. వేలు పడకపోతే కన్ను, కన్ను కుదరకపోతే ముఖం, ముఖమూ కుదరకపోతే ఫోనుకు ఓటీపీ. ఫోనే లేకపోతే? సిస్టమ్ తీసుకోదు. 2017లో పాన్ కార్డుకు ఆధార్ ముడిపెట్టిన కేసులో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ, తన శరీరం మీద మనిషికి సంపూర్ణ హక్కు ఉందనుకోవడం భ్రమేనని సుప్రీంకోర్టులోనే వాదించారు. చాలామంది ఆయన్ని తిట్టారు. నేను తిట్టను. ఏలినవారి మనసులో ఉన్నది అంత దాపరికం లేకుండా చెప్పిన ప్రభుత్వ న్యాయవాది అరుదు. ఇంతా చేసి, ఇన్ని అవయవాలు అప్పగించి తెచ్చుకున్న ఆ ఆధార్ కార్డు పౌరసత్వానికి రుజువు కాదు, పుట్టిన తేదీకి రుజువు కాదు. అందరూ అడుగుతారు, అవసరమైన చోట చెల్లదు.

ఉపాధి హామీ కూలీల దగ్గరికి రండి. దొంగ హాజరు అరికట్టాలని, పనిచోట రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించడాన్ని 2023 జనవరి 1 నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. గుట్ట మీద మట్టి తవ్విన మనిషికి, తవ్విన మట్టిని బట్టి కాక, అందిన సిగ్నల్‌ను బట్టి కూలి లెక్కకొచ్చే రోజులొచ్చాయి. మరి దొంగలు? వాళ్లకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఫొటోకు ఫొటో తీసి ఎక్కించారు, పనికి సంబంధమే లేని బొమ్మలు ఎక్కించారు. ఈ మాట ఎవరో గిట్టనివాళ్లు అన్నది కాదు, 2025 జులైలో సాక్షాత్తూ కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్‌లో ఉంది. అందుకు కనిపెట్టిన మందు ఇంకా గొప్పది: పంచాయతీలో ఎక్కిన ఫొటోలన్నిటినీ మనుషులు కూర్చుని సరిచూడాలి. మనిషిని నమ్మలేక యంత్రం, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషి. మధ్యలో నలిగింది కూలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పంతుళ్ల వంతొచ్చింది. సొంత ఫోన్లో ప్రభుత్వ యాప్ వేసుకుని, ముఖం చూపించి హాజరు వేయించుకోమన్నారు. పాఠం చెప్పారా లేదా అన్నది ఆ యాప్‌కు అక్కర్లేదు, ముఖం వచ్చిందా లేదా అన్నదే కావాలి. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీ సరుకులు ఇంటికి తీసుకెళ్లే గర్భిణులకు, బాలింతలకు కూడా ముఖ గుర్తింపు పెట్టారు. తొమ్మిదో నెల కడుపు ఎదురుగా నిలబడి కనిపిస్తున్నా కార్యకర్త తన కంటిని తాను నమ్మకూడదు. కెమెరా నమ్మితేనే గుడ్డు.

కూడు అయింది, కూలి అయింది, ఇక ఓటు. 2015లో ఓటరు జాబితాకు ఆధార్ జోడించి ప్రక్షాళన చేస్తామని బయల్దేరారు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ పని ఆగింది. పేర్లు పోవడం మాత్రం ఆగలేదు. 2018 డిసెంబరు 7న తెలంగాణలో పోలింగ్ కేంద్రాలకు వెళ్లినవాళ్లు చాలామంది జాబితాలో తమ పేర్లు కనపడక తెల్లబోయారు. వాళ్లలో బ్యాడ్మింటన్ తార గుత్తా జ్వాల ఒకరు. షటిల్ గీత లోపల పడిందో బయట పడిందో అనుమానమొస్తే ఆటలో అక్కడికక్కడే సవాలు చేసి తేల్చుకోవచ్చు. ఓటరు జాబితాలో ఆ సౌకర్యం పెట్టలేదు. పేర్లు గల్లంతైనందుకు ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ వచ్చింది, ఎన్నిక అయిపోయింది, ఓటు మాత్రం పడలేదు.

భూమి కథ మరీ రంజుగా ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో వీఆర్వోలను రద్దు చేసి, అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెరిచింది. అవినీతికి ఆస్కారమే ఉండదన్నారు. పేరులో అక్షరం తప్పినా, విస్తీర్ణం తగ్గినా, పట్టా భూమి పోయి నిషేధిత జాబితాలో పడినా రైతు ఎవరి గడప తొక్కాలి? వీఆర్వో లేడు, తహసీల్దారు తన చేతుల్లో ఏమీ లేదంటాడు, మొదట్లో చాలా తప్పులకు పోర్టల్‌లో దిద్దుబాటు దారే లేదు. తప్పు చేయగల యంత్రానికి తప్పు ఒప్పుకునే మీట పెట్టడం మర్చిపోయారు. ధరణిని బంగాళాఖాతంలో కలుపుతామని ప్రతిపక్షం, ఆ మాటన్నవాళ్లనే బంగాళాఖాతంలో కలపాలని అధికార పక్షం 2023 ఎన్నికలంతా అరుచుకున్నాయి. తెలంగాణకు తీరం లేకపోయినా తగాదాలన్నీ ఆ సముద్రం నెత్తినే. చివరికి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, కొత్త చట్టంలో అప్పీలుకు అవకాశం పెట్టారు. తప్పు పడితే చెప్పుకోవడానికో చోటుండాలన్న మహా రహస్యం కనుక్కోవడానికి రాష్ట్రానికి నాలుగున్నరేళ్లు పట్టింది.

అవతలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకేసింది. రీసర్వేలో పాతిన సరిహద్దు రాళ్ల మీద, రైతు పాసు పుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ బొమ్మ వేయించారు. డ్రోన్లు ఎగిరి, ఉపగ్రహాలు చూసి, సెంటీమీటర్ల లెక్కన కొలిచి తేల్చిందేమిటంటే, పొలం తాతదైనా ఫొటో ముఖ్యమంత్రిదని. భూ వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతిలో పెట్టిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం జనాన్ని ఎంత బెదరగొట్టిందంటే, 2024లో కొత్త ప్రభుత్వం రాగానే దాన్ని రద్దు చేసింది. పార్టీలు మారతాయి, రంగులు మారతాయి. రైతు పేరు అధికారి మీట కింద ఉండాలన్న కోరిక మాత్రం ఏ పార్టీకీ మారదు.

ఇంటర్నెట్ లేకుండా అన్నం, కూలి, పట్టా ఏదీ రాని పద్ధతి పెట్టినవాళ్లే ఆ ఇంటర్నెట్‌ను ఒక్క ఉత్తర్వుతో కట్టేస్తారు. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురం భగ్గుమన్నాక సుమారు రెండు వారాలు అక్కడ నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్లెక్కారు. నెట్ ఆపే ప్రతి ఉత్తర్వునూ ప్రకటించాలని, నిరవధికంగా ఆపకూడదని 2020 జనవరిలో అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు ఆన్‌లైన్లోనే ఉంది, నెట్ ఉన్నవాళ్లు చదువుకోవచ్చు.

ఇదంతా వాళ్లు మనల్ని చూడటం. 2021 మేలో హైదరాబాద్ రోడ్డు మీద పోలీసులు, పైన చెప్పిన మసూద్ గారినే ఆపి, మాస్కు తీయించి, ట్యాబ్‌లో ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారని ఆయన ముఖ గుర్తింపు వాడకం మీదే హైకోర్టుకెళ్లారు. ఆ అక్టోబరులో నగర పోలీసులు దారిన పోయేవాళ్ల ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. గంజాయి దొరికిందో లేదో గానీ, ఏ ఇంట్లో అత్తాకోడళ్లకు పడట్లేదో పోలీసు శాఖకు తెలిసిపోయుంటుంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరుచుకుంది. ఒళ్లంతా అద్దాలే. చూపు మాత్రం ఒక వైపుకే.

మరి అంత చూసి, అంత పోగేసిన సమాచారం క్షేమమేనా? ఆధార్ డేటా 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనక భద్రంగా ఉందని 2018 మార్చిలో అప్పటి అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ సుప్రీంకోర్టుకు విన్నవించారు. గోల్కొండకు అంతకన్నా పెద్ద గోడలుండేవి. 1687లో ఔరంగజేబు సైన్యం గోడ ఎక్కి రాలేదు, లోపలివాడు తెరిచిన తలుపులోంచి నడిచొచ్చింది. గోడల వర్ణనకు రెండు నెలల ముందే ట్రిబ్యూన్ పత్రిక, 500 రూపాయలిస్తే ఆధార్ వివరాలు చూపించే దళారులున్నారని రాసింది. వెంటనే కేసు పెట్టారు. ఎఫ్ఐఆర్‌లో ఆ వార్త రాసిన విలేకరి పేరూ ఎక్కింది. ఆ జులైలో ట్రాయ్ ఛైర్మన్ ఆర్.ఎస్. శర్మ తన ఆధార్ నంబర్ ట్విట్టర్లో పెట్టి, ఏం చేయగలరో చేయండని సవాలు విసిరారు. జనం ఆయన ఫోన్ నంబర్, చిరునామా తవ్వి బయటపెట్టి, ఖాతాలో రూపాయి కూడా వేసి దీవించారు. అవి ఆధార్ నుంచి పోలేదన్న ఆధార్ సంస్థే, నంబర్లు అలా బయటపెట్టకండని దేశానికి హితవు చెప్పింది. 2023 జూన్‌లో కరోనా టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు టెలిగ్రామ్‌లో అడిగినవాడికల్లా వచ్చాయి. ఆ వార్తలకు ఆధారం లేదని ప్రభుత్వం ప్రకటించింది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.

మన సమాచారానికి గోడలు, ఏలినవారి సమాచారానికి నది. ప్రతిపక్ష నాయకుల దగ్గర్నుంచి వ్యాపారుల దాకా అక్రమంగా ఫోన్లు విన్నారన్న కేసులో 2024 మార్చి నుంచి తెలంగాణలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ప్రభుత్వం మారిన సమయంలో హార్డ్‌డిస్కులు ధ్వంసం చేసి మూసీలో పారేశారని అభియోగం. కేసు ఇంకా తేలాలి. అభియోగం నిజమైతే, మూసీ ప్రక్షాళన ఎందుకు ఆలస్యమవుతోందన్న ప్రశ్నకు ఒక జవాబు దొరికినట్టే.

కోర్టులు చెప్పలేదా అంటే చెప్పాయి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి 86 ఏళ్ల వయసులో 2012లో వేసిన కేసులో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ప్రభుత్వం ఆ తీర్పును ఆరేళ్లు మననం చేసి 2023లో డేటా రక్షణ చట్టం తెచ్చింది. అందులో కేంద్రం తన సంస్థల్లో తనకు నచ్చినవాటికి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. డేటా కాపాడని కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా ఉంది, సంతోషం. తప్పుడు ఫిర్యాదు చేశాడంటే పౌరుడికీ 10,000 దాకా జరిమానా ఉంది, మహా సంతోషం. అసలు తమాషా చివర్లో ఉంది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్‌లో, వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఒక షరతుండేది. ఈ చట్టం ఆ షరతును అక్కణ్నుంచి తీసేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. పౌరుడి గోప్యత పేరు చెప్పి పుట్టిన చట్టం ముందుగా కాపాడింది ఆఫీసు గోప్యతను.

మన భాగోతం కూడా చెప్పుకోవాలి. "నా దగ్గర దాచడానికేముంది" అనే పెద్దమనుషులు ప్రతి కాలనీలో ఉంటారు. వాళ్ల ఇంటికి తలుపుంటుంది, తలుపుకు గడియ ఉంటుంది, బ్యాంకు పాసు పుస్తకం బీరువాలో ఉంటుంది. చెప్పుల దుకాణంలో ఫోన్ నంబర్ అడిగితే మాత్రం గుళ్లో గోత్రం చెప్పినంత భక్తిగా చెప్పేస్తారు. ఇక ఈ కోడ్ రాసే చేతుల్లో మన పిల్లల చేతులూ ఉన్నాయి. వాళ్లు పెట్టిన అవును, కాదు గడుల్లో ఏ ఊరి అవ్వ బియ్యం చిక్కుకుంటాయో వాళ్లకెవరూ చెప్పరు, వాళ్లూ అడగరు. రాత్రికి యాప్‌లో బిర్యానీ తెప్పించుకుంటారు. తెచ్చిన కుర్రాడి ఐడీ పొద్దున్నే కారణం చెప్పకుండా బ్లాక్ అయితే, అతనికీ మాట్లాడటానికి మనిషి దొరకడు. సర్కారుదైనా ప్రైవేటుదైనా సర్వర్ గారి వంశం ఒకటే.

ఇదంతా యంత్రం మీద పగ అనుకునేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ మస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించి, ఎవరైనా చూసుకునేలా బయటపెట్టారు. 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో ఆ లెక్కలను ఊళ్లోకి పట్టుకెళ్లి, ఇంటింటా అడిగి, జనం ముందు గట్టిగా చదివారు. చనిపోయినవాళ్లు మట్టి మోసినట్టు, ఊళ్లో లేనివాళ్లు కూలి తీసుకున్నట్టు బయటపడింది. కాజేసిన సొమ్ములో కొంతైనా కక్కించారు. అదే కంప్యూటర్, అదే డేటా. అక్కడ కూలీ కూర్చుని అడిగింది, అధికారి నిలబడి జవాబు చెప్పాడు. యంత్రం ఎటు తిప్పితే అటు చూస్తుంది. తిప్పే చెయ్యి ఎవరిదన్నదే తగాదా.

మనం అడిగితే ఏమవుతుందంటారా? దేశంలో అమ్మే కొత్త ఫోన్లన్నిట్లో సంచార్ సాథీ యాప్ ముందే వేసివ్వాలని 2025 నవంబరు 28న టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. దేశమంతా గగ్గోలు పెట్టింది. డిసెంబరు 3న ఆదేశం వెనక్కి పోయింది. సర్వర్ గారికి చెవులు లేవు గానీ, ఆయన వెనక కూర్చున్నవాళ్లకు ఉన్నాయి.

కాబట్టి అడగాల్సింది ఇది. యంత్రం ఎవరి పేరు కొట్టేసినా ముందు నోటీసివ్వాలి. కారణం తెలుగులో రాయాలి. కింద ఒక అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. వివాదం తేలేదాకా బియ్యం, కూలి, పెన్షన్ ఆగకూడదు. తప్పు యంత్రానిదని తేలితే నష్టం ఆ శాఖ కట్టాలి. ఇంతకాలం రుజువు చేసుకునే భారం ఆకలితో ఉన్నవాడి మీద వేశారు, ఇకనుంచి కడుపు నిండినవాడు మోయాలి.

ఈసారి ఎవరైనా సిస్టమ్ తీసుకోవట్లేదంటే ఊరుకుని ఇంటికి రాకండి. ఆ మాటే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టివ్వమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలకు మించదు. ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారు, ఎవరు నిర్ణయించారు, ఎప్పుడు నిర్ణయించారు? సంతకం లేని అధికారాన్ని మన రాజ్యాంగం ఎవరికీ ఇవ్వలేదు. అడగండి.